నాకు చెప్పింది, మోటరుకు చెప్పలేదు

మా మామ ఫోను ఎత్తడు. ఫోను ఉన్నది ఎత్తడానికి కాదని ఆయన గట్టి నమ్మకం. వేంపల్లె దగ్గర ఒక పల్లెలో ఆయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఆ చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి ఒకరికొకరు రింగులిచ్చుకునే సేద్యం చేశారు. ఒక్కసారి మోగి ఆగిపోతే కరెంటు వచ్చిందని అర్థం. రెండుసార్లు మోగి ఆగిపోతే మోటరు ఆపేశానని అర్థం. పొరపాటున ఎత్తారో, చార్జీ పడిందని అవతలి మనిషి తిట్లు లంకించుకునేవాడు. ఎంతసేపు మాట్లాడినా ఒకటే ఖర్చైపోయిన ఈ రోజుల్లో కూడా మామకు ఆ అలవాటు పోలేదు.

"ఎత్తితే ఇంగ మాట్లాడాల గదా పాపా," అంటాడు.

నేను ఆయన అక్క కూతుర్ని. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఆయనకు నేను పాపనే. ఆయనతో మాట్లాడాలంటే అత్తకు ఫోన్ చేయాలి. అత్త ఎత్తుతుంది, ఎత్తి ముందు ఆయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ నాకు చెప్పుకుంటుంది, ఆ తర్వాతే ఫోను ఆయన చేతికిస్తుంది.

నేనుండేది కర్నూలు పక్కన కల్లూరులో. కొత్త ఇళ్ల మధ్య ఒక రేకుల షెడ్డులో బోరు మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ ఉంది. బోర్డులు, రిలేలు, రేకు పెట్టె, ఇవన్నీ షెడ్డు ఓనరు చూసుకుంటాడు. లోపల నడిచే ప్రోగ్రాం నేను రాస్తాను. అంతకుముందు హైదరాబాదులో పెద్ద కంపెనీలో పనిచేశాను. అక్కడ నేను రాసింది ఎవరు వాడారో, దేనికి వాడారో నాకెప్పుడూ తెలియలేదు. ఇక్కడ బాగా తెలుస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి మరీ తిడతారు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది గనుక ఇద్దరికీ సరిపోతుంది.

మామ మోటరు అప్పటికే రెండుసార్లు కాలిపోయింది. వేసవిలో బోరు కాసేపు పోసి ఆగిపోతుంది. నీళ్లు లేకుండా మోటరు తిరిగితే లోపలి తీగ కాలుతుంది. కాలిన మోటరును పైకి లాగాలంటే బండి రావాలి, పైపులన్నీ ఒక్కొక్కటీ ఊడదీయాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. అందాకా చెట్లకు చుక్క నీరుండదు. చెట్ల మీద పిందె ఉన్నప్పుడు ఇది జరిగిందంటే పిందెంతా నేల మీదే. పోయినేడు అలాగే రాలింది. ఆ రోజు మామ అన్న మాట మా చుట్టాలందరికీ తెలుసు.

"ఇంగొక్కసారి మోటరు కాలిందంటే తోట కొట్టేస్తా. ఒట్టు."

మామ ఊరికే ఒట్టేసే మనిషి కాదు. తోట వేసిన మొదటేడు అత్తా ఆయనా బిందెలతో నీళ్లు మోసి బతికించిన చెట్లవి. వాటి మీద ఒట్టేశాడంటే ఎంత విసిగిపోయాడో నాకు అర్థమైంది. పైగా మోకాలికి ఆపరేషన్ అయింది. కరెంటు వచ్చినప్పుడల్లా గట్ల మీద కుంటుకుంటూ బోరు దాకా పోవాలి, పైపు దగ్గర కూర్చోవాలి, నీళ్లు ఆగగానే స్టార్టర్ ఆపాలి. ఒక్క కునుకు పడితే మోటరు పోతుంది, మోటరు పోతే తోట పోతుంది.

"నీ పెట్టె ఒకటి పెట్టు పాపా," అని ఆయనే అడిగాడు. ఆయన నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది నాకెంత అయోమయంగా ఉందో మీకు తెలియదు. కరెంటు రాగానే మా పెట్టె మోటరు వేస్తుంది. వేసి, మోటరు ఎంత కరెంటు లాగుతోందో చూస్తూ ఉంటుంది. నీళ్లు ఎత్తేటప్పుడు ఎక్కువ లాగుతుంది, నీళ్లు అయిపోతే లోడు పడిపోతుంది. లోడు పడ్డాక ఏం చేయాలన్నది రైతు రైతుకూ మారుతుంది. మొదట్లో కొన్నవాళ్లు పెట్టెను నమ్మలేదు. "మిషను నా మోటరును ముట్టుకోగూడదు, నాకు ఫోన్ చేస్తే నేనే ఆపుకుంటా" అన్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోటి అడిగారు. అందుకని ఆ జాగా ఖాళీగా ఉంచి, ఎవరి కోరిక వాళ్లకు విడిగా రాసి అందులో అమర్చేదాన్ని.

మామ కోరిక చాంతాడంత. నీళ్లు అయిపోతే మోటరు ఆపాలి. బోరులో నీళ్లు ఊరేదాకా కాచుకుని మళ్లీ వేయాలి. అలా ఎన్నిసార్లు ఆగిందో లెక్క పెట్టుకోవాలి. మరీ ఎక్కువసార్లైతే ఆ రోజుకి ఇక వేయకూడదు. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కను ఫంక్షన్ అంటాం. మామూలు ఫంక్షన్ చెప్పిన పని చేసి మరిచిపోతుంది, నిన్నటి సంగతి దానికి తెలియదు. లెక్క గుర్తుండాలంటే ఫంక్షన్ ఆబ్జెక్ట్ రాయాలి. పేరు చూసి జడవక్కర్లేదు. అదీ పనే చేస్తుంది, కాకపోతే వక్కాకు తిత్తి నడుముకు కట్టుకున్న మనిషిలా, గుర్తుంచుకోవలసినవి తన దగ్గరే వేసుకుని తిరుగుతుంది. మామ లెక్క ఆ తిత్తిలో ఉంటుంది.

పెట్టెలోని మిగతా ప్రోగ్రాంకు మాత్రం ఈ వచ్చినది ఎవరో తెలియదు. మోటరు, లోడు, ఈ రెండూ చేతికిస్తే తీసుకునే రకమో కాదో ముందే తెలుసుకోవాలి. ఆ సంగతి కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది. మేం రాసినదాన్ని కంపైలర్ చదివి, చిప్పుకు అర్థమయ్యే భాషలోకి దించే సమయమది. అప్పటికి మోటరు లేదు, బోరు లేదు, కరెంటు కూడా లేదు. "నీకు ఈ రెండూ ఇస్తే తీసుకుంటావా?" అని ప్రశ్న మాత్రం ఉంటుంది. ఇవ్వడం ఉండదు, పని చెప్పడం ఉండదు. అవునంటే రైతు కోరుకున్న దారి. కాదంటే మొదటి రైతుల పాత దారి: మోటరు జోలికి పోకుండా ఫోన్ చేయడం, ఎత్తకపోతే ఇంకోసారి చేయడం. ఎత్తితే "నీళ్లు అయిపోయాయి, మోటరు ఆపండి" అని నా గొంతు వినిపిస్తుంది. నా గొంతు విన్న రైతులు చాలామంది అది మనిషే అనుకుని "సరేమ్మా" అని జవాబు కూడా చెప్పేవాళ్లు.

మామ పెట్టెకు ఆ పాత దారితో పని లేదు. బిగించి, కరెంటు రాగానే అది మోటరు వేయడం వరకు చూసి, అత్త చేసిన సంగటి తిని కర్నూలు వచ్చేశాను.

వారం తిరక్కముందే అత్త ఫోన్ చేసింది.

"ఏమ్మే, ఏం పెట్టె పెట్టిపోయినావే నువ్వు? నేను గడ్డికి పోయినా గాబట్టి సరిపోయె. పైపులో నీళ్లు లే, ఏం లే, గాలి బుస్సుమంటాంది. మోటరు దాని పాటికి అది తిరుగుతానే ఉండాది. నేనే పరిగెత్తి ఎర్ర బటన్ నొక్కినా. ఇంగ కాసేపుంటే పోతాండె."

"మామ ఎక్కడున్నాడు?"

"యాడుంటాడు, మంచం మింద ఉండాడు. అన్నం తిని హాయిగా పండుకోనుండాడు."

ఫోను మామకిమ్మన్నాను.

"రెండుసార్లు రింగిచ్చె పాపా నీ పెట్టె," అన్నాడు ఆయన, తప్పు తనదేమో అన్నంత మెల్లగా. "రెండు రింగులంటే మోటరు ఆపేసినట్టే గదా. నేను కట్ చేసి పండుకున్యా."

ఆ జిల్లాలో ఏ రైతైనా అదే చేసేవాడు. రెండు రింగులొస్తే లేచి చూసేవాడు పిచ్చివాడు. మళ్లీ ఆయనే అన్నాడు: "నీ పెట్టె నాకు చెప్పింది పాపా. మోటరుకు చెప్పలేదు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. పెట్టె తీసేసి పాత పద్ధతిలోనే నడుపుకోమన్నాను. ఒప్పుకోలేదు. "తీస్తే మా పాప చేసింది పనికి రాలేదని ఊర్లో అంటారు. ఉండనీలే. నేను పక్కన కూచుంటా," అన్నాడు. అంటే పెట్టె పెట్టింది ఆయన బోరు దగ్గరికి పోకుండా ఉండడానికైతే, ఇప్పుడు ఆయన పెట్టెకు కాపలా పోతాడన్నమాట. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

నాకు అర్థం కానిది ఒకటే. మామ పెట్టె ఆయనకు ఫోన్ ఎందుకు చేసింది? ఆయన కోరికలో ఫోన్ లేదు. నేను రాసిన దాంట్లో ఫోన్ లేదు. అయినా మోగింది. అంటే పెట్టె పాత దారిన పోయింది. ఎందుకు పోయింది?

షెడ్డులో బల్ల మీద అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చి పెట్టి, మోటరు బదులు బల్బులు తగిలించి చూశాను. లోడు తగ్గించగానే టక్కున ఆగింది. మళ్లీ చూశాను. మళ్లీ ఆగింది. పొద్దంతా ఆపుతూనే ఉన్నాను, అది బుద్ధిగా ఆగుతూనే ఉంది. కల్లూరులో మంచి పిల్ల, వేంపల్లెలో మొండిఘటం.

షెడ్డు ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయనకు ప్రోగ్రాం అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ సలహాలకు కొదవ లేదు.

"పరేషాన్ గావద్దు మేడమ్. ఆ పక్క వోల్టేజ్ శానా తక్కువుంటాది."

"వోల్టేజ్ తక్కువైతే ఫోన్ చేస్తుందా అన్నా?"

"అయితే సిమ్ము. ఆ సిమ్ము అట్లనే చేస్తాది." కొంచెం ఆలోచించాడు. "లేకుంటే ఎలుక."

ఎలుక అనేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, కంపైలర్ మీద రావలసిన కోపమంతా ఆ మంచి మనిషి మీద వెళ్లగక్కాను. ఆయన "సరే సరే, టీ తాగుదాం రాండి" అని వెళ్లిపోయాడు. టీ వచ్చింది. చల్లారిపోయింది. నేను స్క్రీన్ ముందు నుంచి లేవలేదు.

రెండు రోజులు అలా గడిచాక నాకు వెలిగింది ఏమిటంటే, బల్ల మీద నేను పరీక్షిస్తున్నది మామ కోరిక కాదు. పరీక్షకని ఎప్పుడో రాసిపెట్టుకున్న చిన్న ఫంక్షన్. లోడు పడితే ఆపుతుంది, అంతే, లెక్కా పత్రం ఏమీ లేదు. మామ కోసం రాసిన ఫంక్షన్ ఆబ్జెక్ట్‌ను అమర్చి చూశాను. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. నా సెల్లు మోగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది.

సరే, పెట్టె తప్పు కాదు, ఊరి తప్పు కాదు, ఎలుక తప్పు కాదు. మామ ఫంక్షన్ ఆబ్జెక్ట్‌ను "తీసుకుంటావా?" అని అడిగినప్పుడు కంపైలర్ "తీసుకోదు" అని తేల్చేసింది. తేల్చి ఊరుకుంది. కాదంటే పాత దారి ఉంది గనుక దానికి గొడవ పెట్టుకోవలసిన అవసరం కనిపించలేదు. ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు. అంతా సవ్యంగా ఉన్నట్టే కంపైల్ అయి, పెట్టెలోకి ఎక్కి, బస్సెక్కి, వేంపల్లె పోయి గోడకు కూర్చుంది.

కానీ ఎందుకు కాదంది? అయోమయం ఇక్కడే అసలు మొదలైంది. నా కళ్ల ముందే ఉంది. దానికి కావలసినవి రెండు: మోటరు, లోడు. మేం ఇస్తున్నవి రెండు: మోటరు, లోడు. అదే వరస. అవే రకాలు. ఒకటోదానికి ఒకటోది, రెండోదానికి రెండోది. వేలు పెట్టి చూసుకున్నాను, బళ్లో చిన్నపిల్లలు చదివినట్టు పైకి చదివాను. తీసుకుంటుంది! ఎవరికి చూపించినా తీసుకుంటుందనే చెబుతారు. కంపైలర్ మాత్రం తీసుకోదంటుంది. నాకు పదిహేనేళ్లుగా అన్నం పెడుతున్న భాష నా ముఖం మీదే అబద్ధం చెబుతోందా, లేక నాకే చూపు ఆనడం లేదా?

లోడు దశాంశాల్లో ఉంటే పూర్ణాంకం చేసి చూశాను. కాదు. లోడు తీసేసి మోటరు ఒక్కటే ఇచ్చేలా రెండు పక్కలా మార్చాను. కాదు. రెండూ తీసేసి ఏమీ ఇవ్వకుండా, "ఊరికే వస్తావా?" అని అడిగాను. దానికీ కాదే! ఏమీ ఇవ్వకపోయినా తీసుకోనంటుందేమిటి? ఆ పూట నాకు నవ్వు కూడా వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చిన మనిషి నవ్వు.

రోజూ మధ్యాహ్నం అత్తకు ఫోన్ చేస్తున్నాను. "బోరు కాడ ఉండాడమ్మే," అనేది ప్రతిసారీ. "తలకు తుండు చుట్టుకోని పెట్టెను చూస్తా కూచోనుండాడు. మోకాలు బూర మాదిరి వాచిపోయింది. నేను చెప్తే ఇంటాడా? నువ్వన్నా చెప్పు." నేనేం చెప్పను? ఇంకొక్క రోజు అని చెప్పేదాన్ని. కునుకు తీస్తాడేమోనని, మోటరు కాలుతుందేమోనని, తోట పోతుందేమోనని నాకు కళ్ల మీద రెప్ప పడేది కాదు.

చివరికి మామ ఫంక్షన్ ఆబ్జెక్ట్ మొత్తం పక్కన పడేసి, అదే పని చేసే చిన్న లాంబ్డా ఒకటి అక్కడికక్కడ రాశాను. లాంబ్డా అంటే పేరు పెట్టకుండా అప్పటికప్పుడు రాసుకునే ఫంక్షన్. మోటరు, లోడు తీసుకుంటుంది, ఆపుతుంది. "తీసుకుంటావా?" అవును! ఇప్పుడు దీనికి లెక్క నేర్పుదామని లోపల ఒక అంకె పెట్టి, ఆగినప్పుడల్లా ఒకటి కలపమన్నాను. కంపైలర్ ఒప్పుకోలేదు. లోపలిది మార్చడానికి వీల్లేదంది. మార్చుకోవచ్చు అని చెప్పే ఒక మాట ఉంటుంది, దాన్ని తగిలించాను. లాంబ్డా కుదురుకుంది. మళ్లీ అడిగాను, "తీసుకుంటావా?" అని.

కాదు.

ఒక్క మాట. తీసుకునేవి మారలేదు, ఇచ్చేవి మారలేదు. "నాలో ఉన్నది మారొచ్చు" అన్న ఒక్క మాట తగిలించగానే అవును కాస్తా కాదు అయింది. అప్పుడు నేను జవాబును వదిలేసి ప్రశ్నను చదివాను. మోటరును చదివాను, లోడును చదివాను, ఆ రెంటికీ ముందున్నదాన్ని ఇన్ని రోజులూ చదవలేదు. ఎవరిని అడుగుతున్నామో చెప్పేచోట, ఆ ఆబ్జెక్ట్ పేరుకు ముందు, "ఇందులో ఏదీ మారకూడదు" అన్న గుర్తు ఉంది. మా పనిలో అది మర్యాద. ఒకరి వస్తువును పట్టుకునేటప్పుడు, చూస్తానే గానీ చెడపను అని చెప్పడం. ఎవరు రాసినా అలవాటుగా అలాగే రాస్తారు. కంపైలర్ దాన్ని మర్యాదగా తీసుకోలేదు, మాటగా తీసుకుంది. "నీలో ఏమీ మారకుండా ఈ రెండూ తీసుకుంటావా?" అని అడిగాం. ఆగినప్పుడల్లా తన లెక్కను మార్చుకోక తప్పని ఆ ఆబ్జెక్ట్ తరఫున కంపైలర్ నిజాయితీగా కాదంది.

కుర్చీలో వెనక్కి వాలాను. అర్థమైన సంతోషం రాలేదు. ఇంత చిన్నదానికా అన్న ఉక్రోషం వచ్చింది. ప్రశ్నలోంచి ఆ గుర్తు తీసేశాను. ఇంకొకటి కూడా చేశాను. ఇకమీదట పాత దారి కావాలనుకున్న రైతు అది కావాలని విడిగా చెప్పుకోవాలి. లేకుండా కాదు అన్న జవాబొస్తే కంపైల్ అక్కడే ఆగిపోయి, ఎర్రగా అరవాలి. మౌనంగా తలూపేవాళ్ల కన్నా గొడవపెట్టేవాళ్లే నయం. షెడ్డు ఓనరుకు చెబితే, "అయితే ఎలుక కాదన్నమాట," అన్నాడు కొంచెం నిరాశగా.

కర్నూలులో బస్సెక్కి కడప, కడపలో మారి వేంపల్లె. అత్త నన్ను చూసి కాళ్లు కడుక్కోమనే లోపలే లాప్‌టాప్ తీసుకుని తోటకు నడిచాను. మామ బోరు దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. చెట్ల నిండా పిందె ఉంది, గోలీలంత. ఇంకా రాలలేదు. మోటరు ఇంకా కాలలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త ప్రోగ్రాం ఎక్కించి, ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. మోటరు నడిచింది. పైపులోంచి నీళ్లు లావుగా వచ్చి, సన్నబడి, తుంపులు తుంపులుగా పడి, గాలి కొట్టింది. పెట్టెలో టక్కుమంది. మోటరు ఆగిపోయింది. మామ ఫోను మోగలేదు.

"ఆపిందే!" అన్నాడు మామ. "మోటరుకు చెప్పిందే పాపా!" నా భుజం మీద ఒక్కటి చరిచాడు. నేను గొప్పగా నవ్వాను. ఇన్ని రోజుల అయోమయం ఆ చరుపుతో ఎగిరిపోయింది.

నీళ్లు ఊరేదాకా కాచుకుని పెట్టె మళ్లీ మోటరు వేసింది. ఈసారి నీళ్లు తొందరగా సన్నబడ్డాయి. ఆగింది. మళ్లీ వేసింది. ఇంకా తొందరగా ఆగింది. మధ్యలో అత్త ఉగ్గాని తెచ్చిపెట్టి పోయింది. తిన్నాం. వేయడం, ఆగడం, వేయడం, ఆగడం. నేను పెట్టెను చూసి మురిసిపోతున్నాను, లెక్క సరిగ్గా వేసుకుంటోందని. మామ పెట్టెను చూడటం మానేసి పైపును చూస్తున్నాడు. ఆయన మాటలు తగ్గిపోయిన సంగతి నేను ఆలస్యంగా గమనించాను. ఎండ ఇంకా మండుతుండగానే పెట్టె ఆఖరిసారి టక్కుమని, పచ్చ లైటు ఆర్పి, ఎర్ర లైటు వేసుకుంది.

"ఇంగ వెయ్యదా?"

"ఈ రోజుకి వేయదు మామా. నువ్వే కదా అలా పెట్టమన్నావు."

"కరెంటుండాది గదా."

"కరెంటు ఉంది. నీళ్లు లేవు," అన్నాను. అన్న తర్వాత గానీ ఆ మాట నా చెవిన పడలేదు.

దూరంగా తోట చివరి చెట్ల డ్రిప్పు పైపులు ఆ రోజు తడవనే లేదు. ఇస్తే తీసుకుంటావా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు తెప్పించడానికి నేను అన్ని రోజులు కొట్టుకున్నాను. తీసుకుంటుంది. తీసుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. చేయడానికి అక్కడ నీళ్లున్నాయో లేదో ఆ ప్రశ్నలో లేదు.

మామ తుండు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లూ మోటరు కాలింది, మోటరు కాలింది అని చెప్పుకుంటాంటి పాపా. బోరులో నీళ్లు పోతాండాయని నాకు తెలుసు. ఎవురికీ చెప్పలా. మీ అత్తకు గూడా చెప్పలా."

"మోటరు కాలితేనే తోట కొట్టేస్తానన్నావు కదా," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది. "కాలలేదు కదా మామా. ఒట్టేశావు కదా."

"కాలితే కొట్టేస్తా అంటి. కాలకపోతే ఉంచుతా అన్యానా?" నవ్వబోయాడు, రాలేదు. "కాలింటే మోటరు మింద పెట్టి కొట్టేసేటోణ్ణి. మీ అత్త మోటరును తిట్టుకోని ఊరుకుంటాండె. ఇప్పుడు మోటరు బాగుండాది. నీ పెట్టె బాగుండాది. ఇంగ నా నోటితో నేనే చెప్పాల."

నేను మేలు చేశానా, కీడు చేశానా? ఆ పెట్టె పాడైపోయి ఉంటేనే ఆయనకు హాయిగా ఉండేదా? ఇప్పటికీ అడుగుతుంటాను, ఇప్పటికీ అర్థం కాదు. షెడ్డులో ఎవరైనా ఆ పెట్టెను మెచ్చుకుంటే నాకు లేచి బయటికి పోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం అత్తకు చెప్పాడు. అత్త ఏడవలేదు, ఫిర్యాదు చేయలేదు. "ఎన్ని ఉంచుకోవచ్చు?" అని మాత్రం అడిగింది.

మరునాడు పొద్దున మామ ఒక డబ్బాలో తడి సున్నం, గుడ్డపేలిక నా చేతికిచ్చాడు. బోరుకు దగ్గరున్న సాళ్లు ఉన్న నీళ్లతో బతుకుతాయి, మిగతావి కొట్టేస్తేనే ఇవి బతుకుతాయి. మోకాలు వంగదు గనుక ఆ పని నాకు చెప్పాడు. "ఉంచేవాటికి బొట్టు పెట్టు పాపా. కొట్టేవాటిని ముట్టుకోవద్దు."

బోరు దగ్గర మొదలుపెట్టాను. ఒక్కో మొదలుకు ఒక్కో తెల్లటి మచ్చ. ఆయన చెప్పిన సాళ్లు అయిపోయాయి. తర్వాతి సాల్లో మొదటి చెట్టు పిందెతో వంగి ఉంది. దానికీ పెట్టాను. దాని పక్కదానికీ పెట్టాను. చెయ్యి ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు. ఏడుస్తూ డబ్బా అయిపోయేదాకా పెట్టుకుంటూ పోయాను.

వెనక్కి తిరిగి చూస్తే మామ గట్టు మీద నుంచి లేచి ఉన్నాడు. కుంటుకుంటూ ఆ సాల్లోకి వచ్చి, భుజం మీది తుండు తీసి, నేను ఎక్కువగా పెట్టిన బొట్లను ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి తుడుచుకుంటూ పోయాడు. సున్నం ఇంకా ఆరలేదు, సులువుగానే పోయింది.